సారు మడుగులో తామరలు వద్దు

సారు పోయినాడని నాకు చెప్పింది కాలువ లస్కరు. నీళ్ళు వదిలేది, మూసేది వాడి పని. పోయిన నెల నేను పీకేసిన శెనక్కాయ చేన్లో మిగిలిన కాయలు ఏరుకుంటాంటే, వాడు గట్టు మీద బండి ఆపి, దిగకుండానే, "అవ్వా, మీ నాచు సారు పోయినాడంట, తెల్లారేసరికి," అన్నాడు. "ఎన్ని గంటలకు ఎత్తుతారంట?" అని అడిగినా. ఏడ్చేదానికి ముందు అడగాల్సింది అదే కదా. వాడికి తెలీదు. ఒళ్ళో కాయలు గట్టు మీదనే పోసి, కాళ్ళు కూడా కడుక్కోకుండా జమ్మలమడుగు బస్టాండుకు నడిచినా. ప్రొద్దుటూరులో దిగి సారోళ్ళ వీధికి పోయేసరికి ఇంటి ముందర నీళ్ళు పోసి కడుగుతాండారు. అంటే ఎత్తేసినారు.

ముఖం చూడలేదు. ఆ బాధ నాది, మీతో దానికి పని లేదు. మీకు చెప్పాల్సింది వేరే ఉండాది.

నాకు చదువు రాదు. నేను చెప్తాంటే రాస్తాండేది మా వీధి అంగన్‌వాడీ టీచరమ్మ. "అవ్వా, ఈడ రొంత మెత్తగా రాద్దామా?" అని ఇప్పటికే రెండు మార్లు అడిగింది. వద్దంటి. మెత్తగా మాట్లాడేటోళ్ళందరూ సంతాప సభలో మాట్లాడేసినారు.

ఆ సభ సంగతే మొదట చెప్తా. దినాలు అయినాంక సారు పని చేసిన కాలేజీలో పెట్టినారు. సారు ఫొటోకు ప్లాస్టిక్ పూల దండ. చెట్టూ చేమా పాఠం చెప్పిన మనిషికి ప్లాస్టిక్ పూలు, ఎవురికీ సిగ్గు రాలేదు. ఒకాయన లేచి సారు శానా నిరాడంబరుడు అన్నాడు. అంటే కారు కొనుక్కోలేదని. ఇంకొకాయన, సారు ఎండబెట్టి అంటించిన నాచు అట్టలను పరీక్ష కాగితాల మూటలకు చోటు కావాలని ఎండాకాలంలో వరండాలోకి విసిరేయించిన పెద్దమనిషి, "ఆయన పరిశోధన మన కాలేజీకి కిరీటం" అన్నాడు. ఆ కిరీటాన్ని సారు భార్య ఆటోలో వేసుకొని ఇంటికి మోసింది, మూడు ట్రిప్పులు. ఆ తర్వాత ఒక లెక్చరరు, గొంతు బాగా ఉండే మనిషి, "నాచులో కూడా బంగారాన్ని చూసిన మహానుభావుడు" అన్నాడు. వీధి నిండా బంగారు అంగళ్ళుండే ప్రొద్దుటూరోళ్ళకు యాడ చూసినా బంగారమే. సారు నాచులో బంగారం చూడలేదు. నాచులో నాచును చూసినాడు. దానికే ముప్పై ఏండ్లు పట్టింది.

చివరాకరికి అధ్యక్షుడు లేచినాడు. సారు తావ చదువుకున్నోడే, ఇప్పుడు పెద్ద బట్టలంగడి ఉండాది. సారు పేరు కలకాలం నిలవాలని పాత విద్యార్థులందరూ కలిసి ఒక మంచి పని చేస్తాండామని చెప్పినాడు. సారు దినామూ పోయే ఊట మడుగులో నాచంతా తీయించి, శుభ్రం చేసి, సిమెంటు మెట్లు కట్టించి, తామరలు వేయించి, గట్టు మీద సారు పేరుతో గ్రానైటు రాయి పెడతారంట. అందరూ చప్పట్లు కొట్టినారు. సారు భార్య శాలువా కప్పుకొని ముందర కుర్చీలో కూర్చోనుంది. ఆమె కూడా తల ఊపింది.

నేను లేచి నిలబడినా. "ఆ నాచే అప్పా సారు పని. దాన్ని తీసేస్తే సారును తీసేసినట్టే," అన్నా. నా గొంతు చిన్నది కాదు. బ్యాడ్జీ పెట్టుకున్నోడు ఒకడు వచ్చి నా భుజం పట్టుకొని, "అవ్వా, భోజనాలు ఆ పక్క," అన్నాడు.

తిన్నా. ఎందుకు తినను, సారు పేరు మీద వండిన కూడు. మనుషుల మీద కోపం అన్నం మీద చూపించే అలవాటు నాకు లేదు.

ఇప్పుడు ఆ మడుగు ఏందో, ఆ నాచు ఏందో చెప్తా. చదువుకున్నోళ్ళకు నేను, చదువు లేనిదాన్ని, చెప్పాల్సి వచ్చింది.

జమ్మలమడుగు పక్క పెన్నేటి గట్టు కింద ఒక ఊట మడుగు ఉండాది. మండే ఎండాకాలంలో కూడా ఎండదు. దానికి పైన మైలవరం కాలువ పోతాది. నా నడి వయసులో మేము ఆడోళ్ళం జట్టు కట్టి, నీళ్ళకు అడ్డం పడకుండా, కాలువలో నాచు కూలికి కోసేటోళ్ళం. నడుము దాకా నీళ్ళలో నిలబడి కొడవలితో కోసి గట్టు మీదికి విసరాల. ఒక పొద్దు, ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకున్న మనిషి ఒకాయన గొడుగు పట్టుకొని వచ్చి, మేము విసిరిన కుప్పను గెలుకుతాండాడు. అప్పుడు సారు వయసోడే.

"ఏంది సారూ, ఎనుములకు మేపేదానికా?" అని అడిగినా.

"కాదక్కా, నా కోసమే," అన్నాడు.

మా జట్టులో ఒకామె, "పెండ్లాం వండిపెట్టలేదేమో పాపం," అనింది. అందరం నవ్వినాం. సారు కూడా నవ్వినాడు, నాచును మాత్రం వదల్లేదు. దీంట్లో ఎన్ని రకాలు చూసినావక్కా అని అడిగినాడు. నన్ను అట్లాంటిది అడిగిన మనిషి అంతకు ముందు లేడు. ఎంత కోసినావు అని అడుగుతారు, ఏం కోసినావు అని ఎవురడుగుతారు? చెప్పినా. వెడల్పాకుది ఒకటి, పైన తమలపాకు మాదిరి తేలుతాది. ముడతాకుది ఒకటి, ఇస్త్రీ లేని చీర అంచు మాదిరి ఉంటాది. మూడోది ఈ కాలువలో లేదు, ఆ కింద మడుగులో ఉంటాది, దాన్ని గొడ్డు నాచు అంటాం అని చెప్పినా.

"ఎందుకు గొడ్డు?"

"కంకి లేపుతాది, గింజ పట్టదు. తుంపు విరిగి యాడ పడితే ఆడ వేరు వేసుకుంటాది. అట్లనే బతుకుతాది."

ఆ పేరు నేను పెట్టిందే. పిల్లలు లేరని ఊర్లో నన్ను పిలిచే పేరు అది. ఆ సంగతి సారుకు ఎవురు చెప్పినారో, మళ్ళీ వచ్చినప్పుడు, "అక్కా, నా పుస్తకంలో దాన్ని మడుగు నాచు అని రాసుకున్నా, నీకు సరేనా?" అన్నాడు. అంతే, ఇంకొక మాట లేదు. ఓదార్పు మాటలు చెప్పుంటే ఆ పొద్దే ఆయన్ను దగ్గరికి రానిచ్చేదాన్ని కాదు.

అయితే సారు తప్పు చేసినాడు. చనిపోయినోళ్ళ తప్పులు చెప్పకూడదంటారు. తప్పు ఒప్పుకున్న మనిషి కాబట్టి చెప్తాండా. మడుగు నాచు వేరే ఒక జాతి అనుకొని, కొత్త జాతి దొరికిందని సంబరపడి, కాగితాలు రాసి యాడికో పంపించినాడు. నేను కాదంటి. అది జాతి కాదు సారూ, క్రాసింగు అంటి.

నల్లరేగడి చేండ్లలో విత్తనపత్తి క్రాసింగు చేసిన ఆడోళ్ళకు ఇది తెలీకుండా ఎట్ల ఉంటాది? సందకాడ ఆడ వరసలో రేపు విచ్చుకోబోయే మొగ్గను పట్టి, గోరుతో చీల్చి, లోపల పుప్పొడి తిత్తులన్నీ గిల్లేసి, ఎర్ర కాగితం తొడుగు పెడతాం. పొద్దన్నే మగ వరస పువ్వు తెచ్చి దాని మొగం మీద రుద్దుతాం. ఎండ ముదరకముందే అయిపోవాల. రెండు రకాల్ని మా వేళ్ళతో కలిపినోళ్ళం. కలిసినది ఎట్ల ఉంటాదో మాకు తెలుసు. ఆకులో తల్లి కనపడతాది, కొమ్మలో తండ్రి కనపడతాడు. మడుగు నాచును చూస్తే నాకు అట్లనే కనపడింది. పైన తేలే ఆకు అచ్చం వెడల్పాకుదే. నీళ్ళ కింద ఆకు మాత్రం గాజు మాదిరి, వేరే ఎవురిదో.

"పత్తి క్రాసింగుకు గింజ పడతాది కదక్కా, దీనికి పడటం లేదే," అన్నాడు సారు, నన్ను పట్టేసినట్టు.

"గాడిదకు గుర్రానికి పుట్టిన కంచరగాడిదకు పిల్లలు పుడతాయా సారూ?"

ఆ పొద్దు ఆయన పెరుగన్నం క్యారియరు సగం తిని మూసేసినాడు. తర్వాత ఒక పొద్దన మా పత్తి చేనికి వచ్చి గనిమె గట్టు మీద కూర్చొని, మా చేతులు చూస్తా ఉన్నాడు. వారం దినాలకు నన్ను కాలేజీకి పిలిపించి మైక్రోస్కోపులో కన్ను పెట్టమన్నాడు. ఒకదాంట్లో వెడల్పాకుదాని పుప్పొడి, గుండ్రంగా, నిండుగా. ఇంకొకదాంట్లో మడుగు నాచుది. అన్నీ తాలు. తూర్పార పట్టినాక గాలికి ఎగిరిపోయే పొల్లు మాదిరి, ముడుచుకొని, లోపల ఏమీ లేక.

"ఓడిపోయినానక్కా," అన్నాడు సారు.

అది చెప్పేటప్పుడు ఆయన మొగంలో ఉన్న సంతోషం గెలిచిన మొగాల్లో కూడా నేను చూడలేదు. కొత్త జాతి కాదు, నాది తప్పు అని మళ్ళీ కాగితం రాసి, ముందు పంపించిన చోటికే పంపించినాడు. కాలేజీలో దానికి కూడా నవ్వినారంట. తన తప్పును తానే అచ్చు వేయించుకునే పిచ్చోడు ఈయనొక్కడేనని. నవ్వినోళ్ళు పదిమందీ మొన్న స్టేజీ మీద ఉన్నారు. వాళ్ళు జీవితంలో ఒక్క తప్పు కూడా చేయలేదు, ఏమన్నా చేస్తే కదా.

సారుకు ఒక మాట అలవాటు. "తెలిసింది చెప్పద్దక్కా, చూసింది చెప్పు." ఇంకొకటి, "ఆకును నమ్మద్దు." నీళ్ళు పారితే ఒక తీరు ఆకు, నిలిస్తే ఒక తీరు ఆకు వేస్తాది నాచు. ఒకే తీగకు మూడు తీర్ల ఆకులు నేనే చూపించినా. ఆకును చూసి జాతి చెప్పేటోడు చొక్కాను చూసి కులం చెప్పేటోడితో సమానం అనేటోడు.

తల్లి వెడల్పాకుది, తండ్రి ముడతాకుది అని నేను పందెం వేసినా. పక్కపక్కనే ఉండే రెండు అవే కదా. సారుకు కూడా అట్లనే తోచింది. మా ఇద్దరిదీ తప్పే. ఆకులు ఎండబెట్టి యాడనో దూరం లాబుకు పంపించినాడు. శానా కాలానికి జవాబు వచ్చింది. కాలువ గట్టు మీద కూర్చొని నాకు విడమరిచి చెప్పినాడు. ఆకులో ఉండే పచ్చదనం తల్లి నుంచే వస్తాదంట, తండ్రి నుంచి రాదు. ఆ పచ్చదనాన్ని పరీక్ష చేస్తే తల్లి వెడల్పాకుదే. ఇంకొక పరీక్షలో తండ్రి బయటపడాల. బయటపడింది. ముడతాకుది కాదు.

"మరి ఎవురు సారూ?"

"ఈడ లేడక్కా. ఉత్తరాది ఏర్లల్లో ఉండే రకం. మన పక్క ఎవురూ చూడలేదు."

అప్పటి నుంచి తండ్రిని వెతికే పని. ఆదివారం వస్తే బస్సు. పులివెందుల పోయినాం, ఇడుపులపాయ పక్క కుంటలు చూసినాం, లింగాల చుట్టూ చెరువులు, చెక్‌డ్యాములు, బావులు. లింగాల తావ అరటితోట రైతు ఒకాయన, మేము బావిలోకి తొంగి చూస్తాంటే పరిగెత్తుకుంటా వచ్చినాడు.

"ఏమప్పా, ఎవురన్నా పడినారా?"

"లేదు మామా, ఒక తండ్రిని వెతుకుతాండాం," అన్నాడు సారు, మొగంలో నవ్వు లేకుండా.

ఆ రైతు నన్ను చూసినాడు, సారును చూసినాడు. "తప్పిపోయి ఎన్నాళ్ళాయె?" అన్నాడు. సారు అంతా చెప్పినాడు, నాచు, లాబు, పచ్చదనం. రైతు అరటిపండ్లు పెట్టి, కూర్చోబెట్టి, చివరిదాకా విన్నాడు. "దొరికితే నాకూ ఒక మాట చెప్పండి," అన్నాడు. కాలేజీ మొత్తం మీద అట్ల వినినోడు ఒకడు లేడు.

దొరకలేదు. ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో నాకు గుర్తుకొచ్చింది. మైలవరం కట్ట కట్టకముందు, నేను చిన్నపిల్లప్పుడు, పెన్నేట్లో ఇసుక మధ్య తేటనీళ్ళ గుంతలు ఉండేవి. మా అమ్మతో గుడ్డలు ఉతికేదానికి పోతే కాళ్ళకు ఒక నాచు చుట్టుకునేది. ఆకు కాండాన్ని చుట్టూ పట్టుకొని ఉండేది, కాండం ఆకులో నుంచి దూరినట్టు, పూసలో దారం దూరినట్టు. సారుకు అది చెప్తే, "చూసింది చెప్తాండావా, తెలిసింది చెప్తాండావా?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. చూసిందే అన్నా.

మరుసటి వారం ఇంటికి పిలిచి, నేల మీద పది అట్టలు పరిచినాడు. ఎండిన నాచులు, యాడయాడనో ఊర్ల నుంచి తెప్పించినవి. ఏదని చెప్పలేదు. నేను ఒకదాని మీద వేలు పెట్టినా. ఆయన ఏమీ అనకుండా ఎత్తేసినాడు. పది దినాలకు మళ్ళీ పిలిచి, వరస మార్చి పరిచినాడు. అదే అట్ట మీద వేలు పెట్టినా. నెల తర్వాత ఇంకోసారి, ఆ మారు అట్టల మీద పేర్లకు కూడా కాగితం అంటించినాడు, చదువు రాని దాని ముందర. దానికి నేను తిట్టినా. వేలు మాత్రం అదే అట్ట మీద పెట్టినా. సారు ఆడనే నేల మీద కూర్చుండిపోయినాడు. లాబు చెప్పిన తండ్రి అదేనంట.

"అక్కా, అది ఈ ఏట్లో ఉండిందని చెప్పేదానికి ఈ భూమ్మీద రెండే సాక్ష్యాలు. ఒకటి నువ్వు. ఇంకొకటి ఆ మడుగు నాచు."

కట్ట కట్టినారు, ఏరు ఎండింది, తండ్రి పోయినాడు. పోయేముందు ఎప్పుడో ఒక గాలి రోజున వాని పుప్పొడి వెడల్పాకుదాని కంకి మీద పడింది. ఆ కలిసిన దాంట్లోనే వాడు మిగిలినాడు. దానికి గింజ లేదు. తుంపు విరగాల, బురదలో దిగాల, బతకాల. ఇన్నేండ్లుగా ఉన్నది అంతా ఒకే మొక్క, విరిగి విరిగి మడుగు నిండింది. గింజ ఉన్నదాన్ని ఈ పొద్దు పీకేస్తే రేపు మొలుస్తాది. దీన్ని ఒక పొద్దు పీకేస్తే అంతే.

ఇదీ సంగతి. దీన్ని తీసేసి తామరలు వేస్తారంట, సారు మీద గౌరవంతో.

సారు మీద కూడా నాకు కోపం ఉండాది, దాచను. ఆ మనిషికి నోరు లేదు. పిల్లోళ్ళు వెనక నుంచి "నాచు సారూ" అని పిలిస్తే తిరిగి, "చెప్పు నాయనా," అనేటోడు. ఈ అధ్యక్షుడు, అప్పుడు వాళ్ళ నాయన అంగట్లో కూర్చునే రోజుల్లో, సారు పాత పేపర్లు, చీరల అట్టలు అడిగేదానికి పోతే, "సారూ, మీ నాచుకు పట్టుపంచె కావాలంటే కూడా చెప్పండి," అని గిరాకీల ముందర ఎగతాళి చేసినాడు. నేను పక్కనే ఉన్నా. సారు అట్టలు చంకలో పెట్టుకొని, "అవసరమైతే వస్తాలే," అని వచ్చేసినాడు. "నోట్లో నాలుక లేదా సారూ?" అని దోవలో కడిగినా. "ఉండాదక్కా, పెరుగన్నం కోసం పెట్టుకున్నా," అన్నాడు. నవ్వొచ్చింది, కోపం పోలేదు.

మడుగు గురించి ఎవురికన్నా అర్జీ పెట్టు సారూ, ఆఫీసులో చెప్పు అని ఎన్నిమార్లు మొత్తుకున్నా. "దాన్ని ఎవురు పట్టించుకుంటారక్కా? పట్టించుకోకపోవడమే దానికి కాపలా," అనేటోడు. అది నిజమే, ఆయన బతికినన్నాళ్ళు. అశ్రద్ధ దాన్ని కాపాడింది. ఇప్పుడు మర్యాద వచ్చి చంపుతాంది.

సభ అయిన మూడో రోజు బట్టలంగడికి పోయినా. అధ్యక్షుడు పరుపు మీద కూర్చొని పెండ్లోళ్ళకు చీరలు చూపిస్తాండాడు. చెప్పుల తావనే నిలబడి అంతా చెప్పినా, మీకు చెప్పినట్టే. మర్యాదగా విన్నట్టు తల ఊపినాడు.

"అవ్వా, నీ ప్రేమ నాకు అర్థమైతాంది. కానీ తామరంటే లక్ష్మీదేవి కూర్చునేది. నాచు మీద ఎవురు కూర్చుంటారు, చెప్పు?"

"మీ సారు కూర్చున్నాడు. ముప్పై ఏండ్లు."

చీరలు చూసే ఆడోళ్ళు నవ్వినారు. ఆయన మొగం ముడుచుకుంది. "శుద్ధమైన పని చేస్తాండాం అవ్వా. సారోళ్ళది శుద్ధమైన వంశం. ఆయన పేరు మీద ఈ సంకరజాతి చెత్త ఎందుకు? సోమవారం యంత్రం వస్తాంది. నువ్వు పూజకు రా, చీర పెడతాం."

శుద్ధం. ఆయన తొడుక్కున్న చొక్కా పత్తి సంకరం. నేను రుద్దిన పువ్వే కావచ్చు. పొద్దన తిన్న ఇడ్లీ బియ్యం కూడా సంకరమేనని సారు ఎన్నిమార్లు చెప్పుంటాడో ఆ క్లాసులో, వినుంటే కదా. సారు పాఠమే సంకరం మీద. దాన్ని చదివి పాసై వచ్చి అంగట్లో కూర్చొని శుద్ధం అంటాండాడు. చీర వద్దని చెప్పి వచ్చేసినా.

ఆడ నుంచి సారు ఇంటికి పోయినా. సారు భార్య నాకు గిట్టదు, ఆమెకు నేను గిట్టను. మంచాల మీద తడి పేపర్లు, వాటి మీద నాచు, వాటి మీద బండరాళ్ళు, అట్ల ఒక సంసారం నడిపినామె. మడుగును ఒక్క పొద్దు కూడా వచ్చి చూడలేదు. "అమ్మా, నువ్వు వద్దంటే ఆగుతాది. వద్దని చెప్పు," అన్నా.

"నాకేం తెలుసక్కా? ఆయన ఎప్పుడు చూసినా మడుగు మడుగు అనేటోడు. మడుగు బాగుపడితే సంతోషిస్తాడనుకున్నా."

"ముప్పై ఏండ్లు ఒకే ఇంట్లో ఉండి ఇదా తెలుసుకున్నది?"

అనకూడని మాట. అనేసినా. ఆమె లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. నేను జమ్మలమడుగు బస్సెక్కినా.

సోమవారం యంత్రం వచ్చింది. నేను పోయేసరికే దక్షిణం పక్క గీరేసింది. నల్లబురద, దాంట్లో నాచు కుప్పలు కుప్పలుగా గట్టు మీద. రాయి నిలబెట్టేదానికి గుంత తవ్వినారు. డ్రైవరు ఎర్రగుంట్ల పక్కోడు. వాడితో పోట్లాడలేదు, వాడు చెప్పిన పని చేసేటోడు. "అన్నం తిన్నావా నాయనా?" అని అడిగినా. లేదన్నాడు. "అయితే తిని రా. నేను యాడికీ పోను, మడుగూ పోదు," అన్నా. వాడు యంత్రం ఆపి టిఫను డబ్బా తీసుకొని నీడకు పోయినాడు.

అప్పుడు ఆటో వచ్చింది. సారు భార్య దిగింది. నా పక్క చూడకుండా గట్టు మీద నిలబడి, ఆ కుప్పలను చూసింది శానాసేపు. తర్వాత ఫోను తీసి బట్టలంగడాయనకు చేసింది. "నాయనా, రాయి వద్దు. తామరలు వద్దు. ఆయన పేరు మీద ఏమీ వద్దు," అనింది. అవతల ఆయన ఏమో అంటాండాడు, రాయి చెక్కించేసినామని, అందరూ ఏమనుకుంటారని. ఆమె విన్నది. "అయితే మీ అంగడి ముందర పెట్టుకోండి," అని ఫోను కొంగులో కట్టేసింది.

నోరు లేని సారు ఇంట్లో నోరు ఎవురి తావ ఉండిందో ఆ పొద్దు తెలిసింది.

యంత్రం ఆ రోజుకు వెనక్కి పోయింది. మళ్ళీ రాదని నేను చెప్పలేను. కమిటీ అంట, తీర్మానం అంట, ఇంకా ఉండాయి. అందుకే దీన్ని రాయిస్తాండా. సారు తావ చదువుకున్నోళ్ళు మీలో ఎవురన్నా ఉంటే, ఆయన మీద మీకు నిజంగా మర్యాద ఉంటే, ఆ మడుగు జోలికి పోవద్దని ఒక్కొక్కరూ ఆ కమిటీకి చెప్పండి. ఇంకేం చేయద్దు. ఏమీ చేయకపోవడం మీకు కష్టమేమీ కాదు కదా.

డ్రైవరు పోయినాంక నేను చీర ఎగ్గట్టి నీళ్ళలోకి దిగినా. గట్టు మీది కుప్పలు ఎండకు అప్పుడే వాడిపోతాండాయి, పొద్దు గూకే లోపల అందినన్ని తుంపులు మళ్ళీ బురదలో గుచ్చాల. వెనక నీళ్ళ చప్పుడు. సారు భార్య చెప్పులు గట్టు మీద విడిచి, ఒక్కొక్క అడుగే, నా భుజం పట్టుకొని దిగింది. కుప్పలో నుంచి పిడికెడు తీసుకొని నా ముందర పెట్టింది.

"ఏదక్కా ఇందులో?"

చూపించినా. ఆమె ఒక తుంపును వేరు చేసి, బురద కడిగి, ఎండకు అడ్డంగా పట్టుకుంది. గాజు మాదిరి ఆకులో నుంచి వెలుతురు ఆమె మొగం మీద పచ్చగా పడింది. దాన్ని అట్లనే చూసి చూసి, వంగి, గోరు మునిగేదాకా బొటనవేలితో బురదలో గుచ్చి, అది తేలిపోకుండా కాలి వేళ్ళతో తొక్కిపట్టి నిలబడింది.